నువ్వేం తిన్నవో అదే పెట్టు

అక్క పోయిన కబురు బావగారే ఫోన్ చేసి చెప్పారు. శనివారం పొద్దున, ఐర్లండ్‌లో మేముండే బాలింకాలిగ్‌లో పిల్లాడికి బూట్లు కొందామని వెళ్ళి, షాపు ముందు కారు ఆపుతున్నాను. "అక్క లేదమ్మా. పొద్దున చాయ్ తాగి కూసున్నది, గట్లనే పోయింది. గుండె అన్నరు" అన్నారాయన. మళ్ళీ తనే, "ప్లాంటోళ్ళు కూడ వస్తరు గద. నువ్వు నాలుగు మాటలు ఇంగ్లీషుల మాట్లాడాలె" అన్నారు.

మాట్లాడాను. దహనానికి ముందు చిన్న హాల్లో నిలబడి, ఆమె ఏ ఊళ్ళో పుట్టింది, ఎక్కడ చదువుకుంది, ఐర్లండ్‌కి ఎప్పుడొచ్చింది, మా ప్లాంటులో మైక్రోబయాలజిస్టుగా ఎంత పేరు తెచ్చుకుంది, అంతా వరసగా చెప్పాను. అందరూ తలలూపారు. చెప్పినవన్నీ నిజాలే. కానీ వాటిలో అక్క లేదు. ఇంటికొచ్చాక ఆ సంగతి తెలుస్తూనే ఉంది. అందుకే ఇది రాస్తున్నాను.

నాకు గుర్తొచ్చే అక్క ఏదో ఒక చిన్న హోటల్ బయట ఎండలో నిలబడి ఉంటుంది. హ్యాండ్‌బ్యాగు రెండు చేతులతో పొట్టకి ఆనించుకుని, మెడ కొంచెం ముందుకు చాచి, లోపల తింటున్నవాళ్ళని చూస్తూ ఉంటుంది. మెనూ చూడదు. బూట్లకి సిమెంటు అంటిన కూలీలు ఉన్నారా, ఒంటరిగా కూర్చుని తింటున్న ముసలమ్మలు ఉన్నారా, ఎవరైనా ప్లేటుని రొట్టెముక్కతో తుడుచుకుంటున్నారా, ఇవే ఆమెకి కావలసినవి. అవి కనపడితే, "పా పిల్లా, ఇది నడుస్తది" అని లోపలికి నడిచేది. కనపడకపోతే ఎంత ఆకలేస్తున్నా పక్క వీధికి.

మా ఇద్దరికీ చుట్టరికం లేదు. ఆమెది జగిత్యాల దగ్గర, మాది ఒంగోలు దగ్గర. కార్క్ నగరం పక్కన మందులు తయారుచేసే ప్లాంటులో ఆమె ల్యాబులో, నేను ప్రొడక్షన్‌లో. నాకంటే పదేళ్ళు పెద్ద. బాలింకాలిగ్ తెలుగువాళ్ళలో ఆమెని ఎరగని వాళ్ళు లేరు. అయితే మైక్రోబయాలజిస్టుగా కాదు, వంటకి. ఏ ఇంట్లో బారసాలైనా, పుట్టినరోజైనా, బతుకమ్మైనా, వినాయకచవితైనా, బగారా అన్నం అక్క వండాలి, పులిహోర అక్క కలపాలి. ఇండియా నుంచి ఎవరైనా కొత్తగా దిగితే మొదటి భోజనం ఆమె ఇంట్లోనే.

మా దగ్గర తయారయ్యే ఒక మందుని శాన్ హువాన్‌లో ఉన్న మరో ప్లాంటులో కూడా తయారుచేయించాలని కంపెనీ మా ఇద్దరినీ ఆరు నెలలు అక్కడికి పంపింది. నా పిల్లాడిని వాళ్ళ నాన్న దగ్గర వదిలి వెళ్ళాను. శాన్ హువాన్ కరీబియన్ సముద్రపు దీవి ప్యూర్టో రీకోలో పెద్ద ఊరు. మాకు రెండు పడకగదుల ఫ్లాటు ఇచ్చారు. మొదటిరోజు నేను వంటింట్లో గిన్నెలు సర్ది, "అక్కా, దగ్గర్లో బియ్యం ఎక్కడ దొరుకుతాయో కనుక్కుందామా?" అన్నాను. నిజం చెప్పాలంటే ఆమె చేతి వంట ఆరు నెలలు తినొచ్చని నాకు లోపల సంబరంగా ఉంది.

అక్క స్టవ్ వైపు కూడా చూడలేదు. "నేనీడ వండ. నువ్వు వండుకుంటే వండుకో, నేనేమనుకోను" అంది.

"ఇవాళ అలిసిపోయావా?"

"ఇయ్యాల కాదు పిల్లా. ఉన్నన్ని రోజులు. ఈ ఊర్ల ఎవలేం తింటరో అదే తింట."

అలా మొదలైంది. నాకొక్కదానికి వండుకోవడానికి బద్ధకమేసి నేనూ ఆమె వెనకే తిరిగాను.

అక్కడ ఇబ్బందల్లా పందిమాంసం. అన్నంలో ఉంటుంది, చిక్కుడుగింజల్లో ఉంటుంది, ఏమీ లేదని చెప్పిన సూపులో కూడా రుచికోసం ఒక ముక్క ఉంటుంది. మేమిద్దరం కోడీ చేపా తింటాం, పందీ గొడ్డూ తినం. కాబట్టి మేము నేర్చుకున్న మొదటి స్పానిష్ మాటలు "సిన్ సెర్దో". పంది లేకుండా అని. అవి అంటే హోటల్లో వాళ్ళు జాలిగా చూసి, ఇన్ని ఆకులు, ఒక టమాటా ముక్క తెచ్చి పెట్టేవారు.

మా ఫ్లాటు వెనక వీధిలో ఒక ఫోండా ఉండేది. ఫోండా అంటే మన మెస్సు లాంటిది. ఆరేడు బల్లలు, గోడకి ఫ్యాను, మధ్యాహ్నం మాత్రమే భోజనం. వంటామెకి డెబ్భై దగ్గర ఉంటాయి. తలకి గుడ్డ కట్టుకుని, చెవులకి పెద్ద రింగులు పెట్టుకుని, పెద్దగా మాట్లాడేది. అక్కకి ఆ హోటల్ బయటనుంచే నచ్చింది. లోపల కూర్చున్నాక వంటామె వచ్చి ఆ రోజు ఉన్నవి గడగడా చదివింది. అక్క అంతా విని, ఫోన్లో ఏదో వెతుక్కుని, తప్పో ఒప్పో కూడబలుక్కుని ఒక ప్రశ్న వేసింది. నువ్వు ఇవాళ ఏం తిన్నావు అని.

వంటామె ఆగిపోయింది. మళ్ళీ అడగమంది. అక్క మళ్ళీ అడిగింది. వంటామె నవ్వి, వెనక్కి తిరిగి, వంటింట్లో స్టవ్ మీద ఒక మూలగా ఉన్న చిన్న గిన్నెని చూపించింది. తర్వాత మాకు అర్థమైన సంగతేమిటంటే, ఆమెకి రక్తపోటు. డాక్టరు పందిమాంసం మానేయమన్నాడు. హోటల్‌కి పెద్ద గిన్నెల్లో వండుతూ, తనకోసం పక్కన చిన్న గిన్నెలో వేరే వండుకుంటోంది.

"నువ్వేం తిన్నవో అదే పెట్టు" అంది అక్క, తెలుగులోనే, గిన్నెవైపు వేలు చూపిస్తూ. వంటామెకి అర్థమైంది.

వచ్చింది ఏమిటనుకున్నారు? పచ్చి కందిగింజలు, గుమ్మడికాయ ముక్కలు వేసి కాచిన పులుసు. అందులో పచ్చి అరటికాయ తురిమి చేసిన ఉండలు. పులుపు ఒక్కటే లేదుగానీ మన పప్పుచారుకి పెద్దమ్మ కూతురు. అక్క గింజ ఒకటి వేళ్ళమధ్య నలిపి చూసి, "కందులు పిల్లా ఇవి!" అంది. వంటామె తల అడ్డంగా ఊపి, "గందూలెస్" అంది. "కందులు" అంది అక్క. "గందూలెస్" అంది ఆమె, ఈ విదేశీయురాలికి పలకడం రావడం లేదనుకుని. కాసేపు ఇద్దరూ ఒకళ్ళ మాటని ఒకళ్ళు దిద్దుకున్నారు. ఆ మాట ఎవరు ఎవరి దగ్గర తీసుకున్నారో నాకు తెలియదు. మర్నాటి నుంచి ఆ చిన్న గిన్నె స్థానంలో కొంచెం పెద్ద గిన్నె వచ్చింది.

ఆ ప్రశ్న పట్టుకుని అక్క ఊరంతా తిరిగింది. రియో పియెద్రాస్ మార్కెట్టులో ఒక మూల బల్ల వేసుకుని పళ్ళరసాలు తీసే ఆయన్ని అడిగితే, చింతపండు రసం ఇచ్చాడు. తను కడుపు బరువుగా ఉందని అదే తాగాడట. మూలమీది బేకరీలో అమ్మాయి, పంచదార పొడి చల్లిన మెత్తటి రొట్టెని వెన్న రాసి, పెనం మీద అదిమి కాల్చి ఇచ్చింది. వారంవారం వెళ్ళే ఇంకో చోట, వేయించిన అరటికాయని వెల్లుల్లితో కలిపి చెక్కరోట్లో దంచి, బోర్లించి పెట్టేవాళ్ళు. అక్కకి అక్కడ రోకలి చప్పుడంటే ఇష్టం. రోలు కనపడే కుర్చీ ఖాళీ అయ్యేదాకా నిలబడే ఉండేది.

తినేటప్పుడు ఆమె పద్ధతులు ఆమెవి. చేత్తోనే తినేది, ఎంత పెద్ద హోటలైనా. వంటింటికి వీపు పెట్టి కూర్చునేది కాదు. అరటికాయ చక్రాలు వేడివేడిగా వస్తే ఒకటి తీసి చెవి దగ్గర పెట్టుకుని విరిచేది, కరకరమంటుందో లేదోనని. ప్రతి బల్ల మీదా మిరపకాయలు ఊరేసిన వెనిగరు సీసా ఉండేది. దాన్ని ధారగా పోసుకుని, కళ్ళలో నీళ్ళు తిరిగితే సంతోషపడేది. నేను ఏదైనా ఆఫీసు గొడవ మొదలుపెడితే, "తిన్నంక చెప్పు" అనేది. తిన్నాక ఆ గొడవ చెప్పాలనిపించేది కాదు.

ఒక్కటి మాత్రం ఆమె ఎప్పుడూ చెప్పేది కాదు. రుచిగా ఉందో లేదో. "ఎలా ఉంది అక్కా?" అంటే, "మంచిగ కరకరలాడింది" అనేది. లేకపోతే, "ఎంత మంది ఉన్నరు చూడు" అనేది. వంటలో అంత చేయి తిరిగిన మనిషి ఒక్క వంకైనా పెట్టదేమిటి అనుకునేదాన్ని. మంచితనం అనుకున్నాను.

ఊరి చివర సముద్రం ఒడ్డున పిన్యోనెస్ అని ఉంది. అక్కడ వరసగా చెక్క దుకాణాలు. కట్టెల పొయ్యి మీద పెద్ద మూకుడు పెట్టి, ఉప్పుచేపని పిండిలో కలిపి, పళ్ళెమంత అట్లు వేయిస్తారు. ఆదివారం మధ్యాహ్నాలు మేము బస్సెక్కి అక్కడికి పోయేవాళ్ళం. అక్క ఒక్కో దుకాణం ముందు ఆగి కళ్ళు మూసుకుని నూనె చప్పుడు వినేది. నూనె తక్కువ కాగితే చప్పుడు వేరుగా ఉంటుందట.

ఒక ఆదివారం మా మామూలు దుకాణం మూసి ఉంది. అంతకు ముందు రెండు రోజులు ఊళ్ళో కరెంటు లేదు. అక్కడ అది మామూలే. పక్క దుకాణంలో చెరొకటి తీసుకుని, ఇసకలో దుంగ మీద కూర్చున్నాం. నేను నోటిదాకా తెచ్చి ఆగిపోయాను. చేప చెడిపోయింది. పక్కకి చూస్తే అక్క సగం తినేసింది. సముద్రంవైపు చూస్తూ హాయిగా నములుతోంది.

"అక్కా, ఊసెయ్యి! కుళ్ళిపోయింది. కంపు కొడుతుంటే తెలియడం లేదా?" అని అరిచాను.

అక్క నమలడం ఆపింది. నా మొహంలోకి చూసింది. పక్కకి తిరిగి ఊసేసి, సీసాలో నీళ్ళు పుక్కిలించింది. తర్వాత నింపాదిగా, ల్యాబ్ రిపోర్టు చదివినట్టు చెప్పింది.

"నాకు వాసన తెలుస్తలేదు పిల్లా. రెండేండ్ల కింద కోవిడ్ అచ్చినప్పుడు పోయింది, మళ్ళ రాలే. నాలిక మీద ఉప్పు తెలుస్తది, పులుపు తెలుస్తది, తీపి తెలుస్తది. కారం కొడ్తది. గంతే. కరివేపాకు లేదు, ఇంగువ లేదు, నెయ్యి లేదు. అన్నీ ఒక్క తీరే."

"డాక్టరుకి చూపించుకోలేదా?"

"జీపీ దగ్గరికి పోయిన. టైం పడ్తది, వస్తే వస్తది అన్నడు."

"మరి ఇంట్లో, ఫంక్షన్లలో వండుతూనే ఉన్నావుగా?"

"చెయ్యికి తెలుసు గద. కొలతలు యాదికున్నయ్. పోపు మాడితే పొగ అలారం కూస్తది, అప్పుడు తెలుస్తది. అందరు తిని మంచిగున్నదంటరు. నేను నవ్వుత." అట్టుముక్కని కాగితంలో చుట్టి లేచింది. "ఒక దిక్కు వండుడు, ఒక దిక్కు నవ్వుడు. యాష్టకొచ్చింది. ఈడ నా వంట ఎవలకు తెల్వదు. ఈ ఆరు నెలలన్న వద్దనుకున్న."

"బావగారికి తెలుసా?"

"తెల్వదు" అంది. కొంచెం నడిచాక, "ల్యాబ్‌ల సూక్ష్మజీవులు పెంచే ప్లేట్లు వాసన చూడొద్దని రూలు. నాకు ఆ రూలుతోటి పనే లేదు" అని తనే నవ్వింది.

ఇన్నాళ్ళూ ఆమె జనాన్ని చూసి, చప్పుడు విని, వంటవాళ్ళనే అడిగి ఎందుకు తినేదో నాకు అప్పుడు తెలిసింది. ఆమెకి మిగిలినవి అవే.

ఆ తర్వాత నెలకి బావగారు రెండు వారాలు సెలవు పెట్టి వచ్చారు. కార్క్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఆయనది. నెమ్మదస్తుడు. తిండి విషయంలో మాత్రం గిరి గీసుకున్న మనిషి. ఇన్నేళ్ళుగా ఐర్లండ్‌లో ఉన్నా అక్కడి చిప్స్ కూడా ముట్టుకోలేదు. పప్పు, అన్నం, వేపుడు, పెరుగు. ఆఫీసుకి డబ్బా. ఆయన పెట్టెలో సోనామసూరి బియ్యం, కందిపప్పు, పచ్చళ్ళు, చిన్న ప్రెషర్ కుక్కరు వచ్చాయి.

ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా అక్క ఆయన్ని ఫోండాకి తీసుకెళ్ళింది. వంటామె ఎంతో ఆదరంగా పులుసు తెచ్చి పెట్టింది. ఆయన తెల్లన్నం ఒక్కటే పెట్టించుకుని, జేబులోంచి పచ్చడి పొట్లం తీశారు. వంటామె మొహం చిన్నబోయింది.

మర్నాడు పొద్దున నేను కాఫీ పెట్టుకుంటుంటే ఆయన కుక్కరు తెచ్చి స్టవ్ మీద పెట్టారు. పక్కన బియ్యం సంచీ పెట్టారు. పెట్టి, కుర్చీలో కూర్చుని ఫోన్ చూసుకుంటున్నారు. అక్క వచ్చింది, కుక్కరుని చూసింది.

"దాన్ని ప్రెస్‌ల పెట్టు" అంది. కార్క్‌లో అలమరని ప్రెస్ అంటారు, మాకు అదే అలవాటైంది.

"ఎందుకు? అన్నం వండవా?"

"వండ."

"నిన్న అలిసిపోయినవనుకున్న. ఇయ్యాల కూడనా? ఇంత దూరం నుంచి వచ్చిన, జర పప్పన్నం పెట్టవా?" ఆయన గొంతులో కోపం లేదు. నిజంగానే నొచ్చుకున్నారు.

నేను కాఫీ కప్పు పట్టుకుని నా గదిలోకి పోబోయాను. "కూసో పిల్లా. నీకు ఎరుకనే గద" అంది అక్క. నేను గుమ్మం దగ్గర నిలబడిపోయాను. ఆమె ఆయన ఎదురుగా కూర్చుని, సముద్రం ఒడ్డున నాకు చెప్పినట్టే చెప్పింది. అన్నే మాటల్లో.

ఆయన నమ్మలేదు. "మొన్న దసరాకు బగారా వండితివి. అందరు కడుపునిండ తిన్నరు. నేను కూడ తిన్న. మంచిగుండె."

"ఉండె కావచ్చు. నాకు తెల్వదు."

"రెండేండ్లాయె అంటున్నవ్. నాకెందుకు చెప్పలే?"

అక్క బల్ల మీద మరక లేని చోట వేలితో తుడుస్తూ ఉంది. "చెప్పబుద్ధి కాలే. వంట పోతే నా దగ్గర ఇంకేమున్నది అనిపించింది."

నేను ఉండబట్టలేక, "అదేంటక్కా, నువ్వు సైంటిస్టువి. ల్యాబు మొత్తం నీ మాట మీద నడుస్తుంది" అన్నాను.

"ల్యాబ్‌ల నన్నెవ్వరు అక్కా అని పిలువరు పిల్లా" అంది.

బావగారు లేచి కుక్కరు తీసి అలమరలో పెట్టారు. బియ్యం సంచీ కూడా పెట్టారు. తలుపు మూసి, దానికేసి చూస్తూ నిలబడ్డారు. "అన్నిసార్లు పక్కనే కూసోని తింటిమి. నాకు ఎర్కనే లేకపాయె" అన్నారు, ఎవరితోనూ కాదన్నట్టు. అక్క ఆయన వీపువైపు చూసి, "నేను తెల్వనిస్తే గద" అంది.

ఆ మధ్యాహ్నం ముగ్గురం ఫోండాకి వెళ్ళాం. వంటామె అనుమానంగానే పులుసు తెచ్చి, అక్క ముందు, నా ముందు పెట్టింది. ఆయనకి తెల్లన్నం. బావగారు చేయి చాపి అక్క గిన్నెని తన వైపుకి లాక్కున్నారు. చెంచాతో కొంచెం తీసుకుని నోట్లో పెట్టుకున్నారు. మింగడానికి కొంచెం టైము పట్టింది.

"ఎట్లుంది?" అంది అక్క.

"మంచిగుంది."

"గట్ల కాదు. మంచిగుందని అందరంటరు. దేని లెక్క ఉందో చెప్పు."

ఆయనకి అలాంటి మాటలు అలవాటు లేవు. ఇంకో చెంచా తాగారు. నుదురు ముడిచి, ఫ్యానువైపు చూసి, "మీ అమ్మ చేసే పప్పుచారు లెక్క ఉంది. కని చింతపండు లేదు" అన్నారు. మళ్ళీ తాగారు. "కొత్తిమీర... కాదు. కొత్తిమీర ముదిరి పూతకొస్తది చూడు, గప్పుడు కాడ ఇరిస్తే వస్తది గద, గా వాసన."

అక్క కళ్ళు మూసుకుంది. "ఇంక?"

"గుమ్మడికాయ ఉంది. తియ్యగ. నిప్పుల మీద కాల్చినట్టు కాదు, ఉడికిందే. ఎనుక ఏందో ఉంది... ఎల్లిపాయ. నూనెల బాగ ఎర్రగ కాకముందే తీసిన్రు."

"ఆ" అంది అక్క. "ఆ. ఎరుకైంది."

గిన్నె అటూ ఇటూ నడిచింది. ఆయన ఒక చెంచా తిని చెప్పేవారు, ఆమె ఒక చెంచా తినేది. వంటామె వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది. మేము లేచేటప్పుడు నన్ను పక్కకి పిలిచి, వాళ్ళిద్దరూ ప్రార్థన చేస్తున్నారా, పోట్లాడుకుంటున్నారా అని సైగలతో అడిగింది. నాకు వచ్చిన స్పానిష్‌తో ఏమని చెప్పను? తింటున్నారు అన్నాను.

మిగిలిన రోజులు ఆ గిరి గీసుకున్న మనిషి ఊరంతా తిన్నారు. పందీ గొడ్డూ తప్ప ఏదీ వదల్లేదు. తనకోసం కాదు. ఆయన కాఫీ తాగి, కాల్చిన చింతగింజల పొట్టులా ఉందన్నారు. బేకరీ రొట్టె గురించి, ఎండలో వేసిన బొంతలో మొహం పెట్టినట్టు ఉందంటే మేమిద్దరం పడీపడీ నవ్వాం. కొన్ని చోట్ల ఏ మాటా దొరక్క చేతులు తిప్పేవారు. అక్క ఓపిగ్గా ఎదురుచూసేది. రాత్రికి మాత్రం ఆయన అలమరలోంచి కుక్కరు తీసి, తనే అన్నం వండుకుని పెరుగు కలుపుకు తినేవారు. మొదటిరోజు అన్నం అడుగంటింది. అక్క ఒక ముద్ద తిని, "ఇది నువ్వు చెప్పకున్న తెలుస్తుంది" అంది.

ఐర్లండ్‌కి తిరిగొచ్చాక అక్క ఫంక్షన్ల వంట మానేసింది. అడిగినవాళ్ళకి దాచకుండా కారణం చెప్పింది. కొందరు బాధపడ్డారు. కొందరు, "మేము ఉప్పూ కారం చూసి పెడతాం, మీరు దగ్గరుండి చేయించండి" అన్నారు. "వద్దమ్మా" అనేది. కొన్నాళ్ళు ఆమె లేకుండా ఎవరి బగారా సరిగ్గా కుదరలేదు. తర్వాత అందరూ నేర్చుకున్నారు.

ప్లాంటు క్యాంటీన్లో వడ్డించే ఐరిష్ ఆమెని కూడా అక్క అదే ప్రశ్న అడిగింది. ఆమె గరిటె పట్టుకుని ఆలోచించి, "టోస్ట్, లవ్. నిలబడే తిన్నాను" అంది. "అయితే నాకూ టోస్టే" అంది అక్క. అటుపక్క రోస్టూ బంగాళాదుంపలూ ఆవిర్లు కక్కుతుంటే ఇద్దరం టోస్టు తిన్నాం. ఆ తర్వాత ఆ క్యాంటీన్ ఆమె, అక్క కనపడితే తను ఏం తిందో ముందే చెప్పేసేది.

శనివారాలు అక్క, బావగారు కారేసుకుని బయల్దేరేవారు. ఒకసారి ఊళ్ళోనే చేపా చిప్స్, ఒకసారి కోబ్ రేవు, ఒకసారి ఇంకా దూరాన వాటర్‌ఫోర్డ్. నన్నూ పిలిచేవారు. ఎప్పుడైనా వెళ్ళేదాన్ని. వెనక సీట్లో కూర్చుంటే ముందు ఆయన రుచులు చెబుతూ ఉండేవారు, ఈమె సందేహాలడుగుతూ ఉండేది. నా పిల్లాడు ఒకసారి మాతో వచ్చి, హోటల్లో ఆయన్ని చూసి, "మమ్, వై ఇజ్ అంకుల్ టాకింగ్ టు హిజ్ సూప్?" అన్నాడు.

ఆమెకి వాసన పూర్తిగా ఎప్పటికీ రాలేదు. కొన్ని వచ్చాయి, కొన్ని వంకరగా వచ్చాయి. కాఫీ చివరిదాకా కాలిన రబ్బరే. కానీ మొదటిది వచ్చిన రోజున నేను ఆ కారులో ఉన్నాను.

చలి తగ్గి పొలాలు పచ్చబడుతున్న రోజులు. వాటర్‌ఫోర్డ్‌లో బ్లా అని పిండి చల్లిన మెత్తటి బన్ను చేస్తారు, అది తినడానికి పోతున్నాం. ఊళ్ళు దాటి సన్నటి రోడ్డెక్కాం. ఒక మలుపు తిరగగానే పేడ కంపు కారు నిండా కమ్ముకుంది. ఆ కాలంలో ఇక్కడి రైతులు, చలికాలమంతా కొట్టాల్లో పోగైన పేడనీళ్ళని ట్యాంకరుతో పొలాలమీద చిమ్ముతారు. నేను ముక్కుకి స్కార్ఫు అడ్డం పెట్టుకున్నాను. బావగారు గబగబా అద్దాలెక్కిస్తున్నారు.

"ఆపు" అంది అక్క.

"ఈడనా? ముందల ఊరున్నది, ఆడ ఆపుత."

"కారాపు!"

పొలం గేటు పక్కన ఖాళీ చూసి ఆపారు. కారు పూర్తిగా ఆగకముందే ఆమె తలుపు తీసింది. బురదలో దిగి, గేటు కమ్మీలు రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. మేము వెనకాలే దిగాం. ఆమెకి వాంతి వస్తోందేమో అనుకున్నాను. వెళ్ళి భుజం పట్టుకున్నాను. ఆమె మొహం ఎత్తి, గాలి పీలుస్తోంది. వదిలి, మళ్ళీ పీలుస్తోంది.

"పేడ" అంది. "పేడ గద పిల్లా? పేడనేనా?"

"పేడే అక్కా."

"నిజంగ వస్తుందా, నాకే అనిపిస్తుందా?"

"భరించలేనంత వస్తోంది" అన్నాను. బావగారు ఒక అడుగు వెనక నిలబడి, కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటున్నారు.

పొలంలో ట్రాక్టరు మా వైపే వచ్చి ఆగింది. రైతు ఇంజను ఆపి దిగాడు. ఎర్రటి మొహం, పెద్ద బూట్లు. మమ్మల్ని ముగ్గుర్నీ చూసి ఫిర్యాదు చేయడానికి ఆగామనుకున్నట్టున్నాడు. "వాసనకి ఏమనుకోకమ్మా. ఇవాళ గాలి ఇటు తిరిగింది. ఈ గేటు దగ్గర ఇంతటితో ఆపేస్తాలే" అన్నాడు.

"నో, నో. ఇట్స్ గ్రాండ్" అంది అక్క. ఆమె చేతులు గేటుని వదల్లేదు. "మీకు ఇబ్బంది లేకపోతే, ఇటువైపు ఇంకో రౌండు కొట్టగలరా?"

రైతు బావగారివైపు చూశాడు. ఆయన తలూపారు. రైతు మరేమీ అడగలేదు. టోపీ సర్దుకుని, ట్రాక్టరెక్కి, ఇంజను స్టార్ట్ చేసి, గేటు పక్కనుంచే మళ్ళీ మొదలుపెట్టాడు.